రెక్కలు లేని కుచ్చురెక్కల పురుగు

పల్లెటూరితో కాస్త సంబంధం వున్న తెలుగువారెవరికీ తామర పురుగును కొత్తగా పరిచయం చెయ్యనక్కర లేదు. మిరప ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుపోతే "పై ముడత వచ్చింది, తామర పురుగు పడింది" అంటారు మన రైతులు. ఇంగ్లీషువారు దీన్ని త్రిప్స్ అంటారు. ఒక్కటైనా త్రిప్సే, వెయ్యి అయినా త్రిప్సే. ఆ మాటకు వేరే ఏకవచనం లేదు. అయితే ఈ వ్యాసం మిరప చేలో పడే పురుగు గురించి కాదు, దాని దాయాదుల గురించి. చచ్చిన కొమ్మల మీద, రాలిన ఆకుల కింద బూజు తింటూ బతికే తామర పురుగులు కొన్ని వేల రకాలున్నాయి. ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన త్రిప్స్ జాతులు ఆరువేలకు పైమాటే. అందులో సగానికి దగ్గరగా బూజు తినేవే. వీటివల్ల ఏ పంటకూ నష్టం లేదు. అందుకే వీటికి మన భాషలో పేర్లూ లేవు.

మేము వైద్యులం, పురుగుల శాస్త్రం మా వృత్తి కాదు. అయినా దీని మీద రాయడానికి ఒక కారణం వుంది. కొత్త పురుగుకు పేరు పెట్టడమూ, రోగికి వచ్చిన జబ్బేమిటో తేల్చి చెప్పడమూ దగ్గర దగ్గర పనులు. రెండింటిలోనూ కంటికి కనిపించే గుర్తులను బట్టి కనిపించని సంగతిని నిర్ణయించాలి. రెండింటిలోనూ తొందరపడితే వచ్చే చిక్కు ఒకటే. ఆ చిక్కు ఎలాంటిదో, దాన్ని విప్పడంలో మన పొరుగున మద్రాసులో జరిగిన పని ఏమిటో, దానికీ మన వేరుశెనగ చేలకూ సంబంధం ఎక్కడ కలిసిందో చెప్పడమే మా ఉద్దేశం.

ముందుగా పురుగును చూద్దాం

చాలా తామర పురుగుల పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు. నువ్వుగింజ కంటె చిన్నవి. బూజు తినేవాటిలో మాత్రం సెంటీమీటరు దాటినవి కూడా కొన్ని వున్నాయి. వీటి నోరు విచిత్రమైనది. మిగతా పురుగులకు కుడి ఎడమల రెండు దవడలుంటే వీటికి ఎడమ దవడ ఒక్కటే పని చేస్తుంది. కుడిది గుడ్డులో పిండం ఎదిగేటప్పుడే కరిగిపోతుంది. ఆ ఒక్క దవడతో గుచ్చి కన్నం చేసి, సూదుల్లాంటి మరో రెండు భాగాలను జతచేసి గొట్టంలా మార్చుకుని, దానితో పీలుస్తాయి. పాదం చివర గోళ్లకు బదులు చిన్న బుడగ వుంటుంది. అవసరమైనప్పుడు అది ఉబ్బి బయటికి వచ్చి నున్నటి ఆకుకు కూడా అంటుకుంటుంది.

బూజు తినేవాటిలో రెండు తెగలున్నాయి. ఒక తెగ బూజు దారాలను గుచ్చి రసం పీలుస్తుంది. వాటి సూదుల వెడల్పు రెండు మూడు మైక్రాన్లు. రెండో తెగ బూజు విత్తులను, అంటే సిద్ధబీజాలను, నమలకుండా గుటుక్కున మింగుతుంది. అందుకు తగ్గట్టు వాటి పీల్చే గొట్టం వెడల్పయినది. సూదులు అయిదు నుంచి పది మైక్రాన్లు వుంటాయి. మనిషి రక్తంలోని ఎర్రకణం అడ్డకొలత సుమారు ఏడు మైక్రాన్లు. దాన్ని బట్టి ఈ కొలతలు ఎంత సూక్ష్మమో ఊహించుకోవచ్చు. ఈ సిద్ధబీజాలు మింగే తెగనంతటినీ ఒక క్రమంలో పెట్టి, లండన్ లోని బ్రిటిష్ మ్యూజియం తరఫున మౌండ్, పామర్ అనే ఇద్దరు 1983లో పెద్ద గ్రంథం ప్రకటించారు. పామర్ అన్న పేరు పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. ముందు ముందు దానితో పని వుంది.

పేరు గొప్ప

ఈ పురుగులను గురించి శాస్త్రీయంగా మొదట రాసినవాడు స్వీడన్ దేశస్థుడు డి గీర్. 1744లో ఆయన పాదం చివరి బుడగను చూసి "బుడగకాలు" అని అర్థం వచ్చేలా ఫైసాపస్ అన్నాడు. చక్కని పేరు, కాని నిలవలేదు. 1758లో ఆయన దేశస్థుడే అయిన లినేయస్ తన గ్రంథం పదో ముద్రణలో నాలుగు జాతులను త్రిప్స్ అన్న పేరు కింద చేర్చాడు. త్రిప్స్ అంటే గ్రీకు భాషలో కొయ్యను తొలిచే పురుగు. ఇవి కొయ్యను తొలవవు. అయినా జంతువుల పేర్ల లెక్క 1758 నుంచే మొదలు కావాలని తరువాతివారు నియమం పెట్టుకున్నారు కనుక, అంతకుముందు వచ్చిన మంచి పేరు పోయి, తరువాత వచ్చిన తప్పు పేరు స్థిరపడింది.

1836లో ఐర్లండుకు చెందిన హాలిడే వీటన్నిటినీ ఒక ప్రత్యేక క్రమంగా విడదీసి థైసనాప్టెరా అన్నాడు. "కుచ్చురెక్కలవి" అని అర్థం. సన్నటి పుల్లలాంటి రెక్కకు రెండు అంచులా పొడవాటి వెంట్రుకలు కుచ్చులా వేలాడుతుంటాయి. పక్షి ఈకను తలపించే ఆ రెక్కను చూస్తే ఇంతకంటె మంచి పేరు దొరకదనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే బూజు తినే జాతుల్లో చాలావాటికి అసలు రెక్కలే లేవు! పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత వుండనే వుంది. "రెక్కలు లేని కుచ్చురెక్కల పురుగు" అన్నది వినడానికి పొడుపుకథలా వున్నా శాస్త్రం ప్రకారం సరైన మాటే.

ఇలాంటి రెక్కలు లేనివి శాస్త్రజ్ఞులను ఎంత తికమక పెట్టాయో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఇంగ్లండులో బాగ్నాల్ అనే ఆయన ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన తామర పురుగులకు వందలాదిగా పేర్లు పెట్టాడు. మన దేశం నుంచి వెళ్లినవి కూడా అందులో వున్నాయి. 1909లో తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక పురుగును వర్ణిస్తూ దానికి యూరోత్రిప్స్ పారడాక్సస్ అని పేరు పెట్టాడు. పారడాక్సస్ అంటే అన్నిటికీ విరుద్ధంగా వున్నది, నమ్మలేనిది అని అర్థం. రాలిన ఆకుల్లో, ఎండుపుల్లల మీద బతికే చిన్న పురుగు. తోక చివర శరీరమంత పొడవైన వెంట్రుకలు. మిగతా తామర పురుగుల్లో దేనితోనూ పోలిక కుదరక ఆయన దానికోసం కొత్త కుటుంబం ఏర్పరచాడు. అదీ చాలక 1912లో ఏకంగా ఒక ఉపక్రమాన్నే కల్పించి పాలిస్టిగ్మాటా అన్నాడు. "ఎక్కువ శ్వాసరంధ్రాలు గలవి" అని అర్థం. కాలక్రమాన ఆ ఉపక్రమం నిలవలేదు. 1972లో మౌండ్ వీటిని తిరిగి పరిశీలించే నాటికి ఇవి బూజు తినే పెద్ద కుటుంబంలోనే ఒక చిన్న తెగగా మిగిలాయి. ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టాన్ని వేరే దేశస్థుడనుకోవడం లాంటిదే ఇది.

కొత్త జాతిని వర్ణించడం ఎట్లా?

వర్ణన అనగానే మనవారికి ప్రబంధాలు గుర్తుకు రావచ్చు. శాస్త్రంలో వర్ణన చాలా పొడిగా వుంటుంది. ఉపమాలంకారాలకు చోటు లేదు. పని ఇలా సాగుతుంది. చచ్చిన కొమ్మ కింద తెల్లటి పళ్లెం పట్టుకుని కర్రతో కొమ్మను కొట్టాలి. పళ్లెంలో పడిన నలుసుల్లో నడిచేవాటిని తడి కుంచె మొనతో తీసి సారాయి కలిపిన ద్రవంలో వెయ్యాలి. తరువాత పలచని కాస్టిక్ సోడా నీటిలో నానబెడితే లోపలి మెత్తటి పదార్థం కరిగి పైతొడుగు అద్దంలా తేటపడుతుంది. వరుసగా గాఢత పెంచుకుంటూ ఆల్కహాలులో ముంచి నీటిని తీసివేసి, లవంగ నూనెలో తేర్చి, గాజుపలక మీద కెనడా బాల్సంలో కాళ్లు, కొమ్ములు విప్పి పరచి, పైన పలచని గాజు బిళ్ల మూయాలి. మెడికల్ కాలేజీలో పాథాలజీ స్లైడ్లు తయారుచేసిన వారికి ఈ పని చాలావరకు పరిచితమే.

ఆ మీదట సూక్ష్మదర్శిని కింద లెక్కలు, కొలతలు. తల మీది స్పర్శశృంగాల్లో కణుపులు ఎన్ని? మూడో కణుపు మీద, నాలుగో కణుపు మీద వాసన పట్టే ముళ్లు ఎన్నేసి? మెడ మీది వెంట్రుకల్లో పొడవైనవి ఎన్ని, వాటి కొసలు మొనదేలాయా, మొద్దుబారాయా? పొట్ట మొదటి ఖండం మీది పలక త్రికోణమా, గంట ఆకారమా? చివరి ఖండం గొట్టంలా వుంటుంది. దాని పొడవు తల పొడవులో ఎంత? ఇలా అన్నీ రాసి, బొమ్మ గీసి, దగ్గరి జాతులతో ఎక్కడ తేడా వచ్చిందో చెప్పి, రెండు మాటల పేరు పెట్టి అచ్చువేయాలి. మొదటి మాట ప్రజాతిది. మన ఇంటిపేరు లాంటిది. రెండో మాట జాతిది. ఒక్క పురుగును ఎంచి దాన్ని నామమూర్తిగా ప్రకటించి మ్యూజియంలో భద్రపరచాలి. పేరుకు అధికారం ఆ ఒక్క గాజుపలకలో వుంటుంది. ఎప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా వర్ణన చదివి ఊరుకోకూడదు. ఆ పలకను చూసి తేల్చుకోవాలి. ఒకే జాతికి ఇద్దరు రెండు పేర్లు పెట్టినట్టు తేలితే ముందు అచ్చయిన పేరే ఉంటుంది. రెండోది పర్యాయపదంగా మిగిలిపోతుంది.

నియమాలు ఇంత కట్టుదిట్టంగా వుండగా చిక్కు ఎక్కడ వచ్చింది? దొరికిన ఒకటి రెండు పురుగులను బట్టి పేరు పెట్టడంలో వచ్చింది.

ఒకే తల్లి పిల్లలు

బూజు తినే తామర పురుగుల్లో ఒకే జాతిలో రెక్కలున్నవీ, రెక్కలు లేనివీ, పొట్టిరెక్కలవీ కూడా వుండవచ్చు. ఒకే కొమ్మ మీద, ఒకే తల్లికి పుట్టినవాటిలోనే ఈ తేడాలు వస్తాయి. ఈ తేడా రెక్కలతో ఆగిపోదు. రెక్కలు లేకపోతే వాటిని కదిలించే కండలు అక్కర లేదు. కండలు లేకపోతే రొమ్ము భాగం చిన్నదవుతుంది, దాని పలకల ఆకారం మారుతుంది. ఎగరనిదానికి నడినెత్తి మీది మూడు చిన్నకళ్లతో పని లేదు. తరచు అవీ వుండవు, పెద్దకళ్లు కూడా చిన్నవవుతాయి. ముడుచుకున్న రెక్కలను పొట్ట మీద పట్టి వుంచే వంపు వెంట్రుకలు కొన్ని వుంటాయి. అవి కూడా మామూలు వెంట్రుకల్లా తిన్నబడతాయి.

అంటే పరిశీలకుడికి ఒకటి కాదు, అయిదారు తేడాలు ఒక్కసారిగా కనిపిస్తాయి. "ఒక్క తేడా అయితే ఒకే జాతి అనుకోవచ్చు, ఇన్ని తేడాలున్నప్పుడు వేరే జాతి కాక ఏమవుతుంది?" అని అతడు అనుకోవడం సహజం. కాని ఆ అయిదారు తేడాలకు మూలం ఒక్కటే. వైద్యంలో దీన్నే సిండ్రోమ్ అంటాము. కామెర్లు వచ్చిన మనిషికి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం రంగు మారింది, ఒళ్లు దురద పెడుతున్నది అని మూడు గుర్తులు చెప్పి మూడు జబ్బులు అనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. గుర్తులు ఎన్ని అన్నది ముఖ్యం కాదు. వాటిలో ఒకదానిపై ఒకటి ఆధారపడనివి ఎన్ని అన్నది ముఖ్యం.

మగవాటితో మరో చిక్కు. కొన్ని జాతుల్లో మగపురుగులు ఒకే రకంగా వుండవు. పెద్దవాటికి ముందుకాళ్ల తొడలు లావుగా, వస్తాదు భుజాల్లా వుంటాయి. కాలి చివర పెద్ద పన్ను వుంటుంది. చిన్నవి అచ్చం ఆడవాటిలా సన్నగా వుంటాయి. ఈ రెండు కొసల మధ్య మెట్లు మెట్లుగా మిగతావి. రెండు కొసలలోని రెండు పురుగులే దొరికిన శాస్త్రజ్ఞుడు వాటిని రెండు జాతులుగా, ఒక్కోసారి రెండు ప్రజాతులుగా కూడా వర్ణించి ఊరుకున్నాడు.

ఈ ముడిని విప్పినవారిలో ముఖ్యులు మద్రాసు లయొలా కళాశాలలో పనిచేసిన ప్రొఫెసర్ టి. ఎన్. అనంతకృష్ణన్. 1925లో పుట్టి 2015లో స్వర్గస్థులైన ఈయన జీవితమంతా దాదాపు తామర పురుగుల మీదనే గడిపారు. లయొలాలో కీటకశాస్త్ర పరిశోధన సంస్థను నెలకొల్పారు. 1970ల చివరలో కలకత్తాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు డైరెక్టరుగా కూడా వున్నారు. ఆయన పద్ధతి చెప్పుకుంటే చాలా సులభం, చెయ్యడం చాలా కష్టం. ఒకటి రెండు పురుగులతో తృప్తిపడక, ఒకే చోట ఒకే గుంపు నుంచి వీలైనన్ని సేకరించి, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా పేర్చి కొలిచేవారు. వరుసలో ఎక్కడా ఖాళీ లేకుంటే అదంతా ఒకే జాతి. చెట్టు బెరడు మీద బతికే జాతుల మగవాటిలో కనిపించే ఈ తేడాలపై 1968లో ఫ్రెంచి కీటకశాస్త్ర సంఘం పత్రికలో ఆయన వ్యాసం ప్రకటించారు. మరుసటి ఏడు మన దేశపు తామర పురుగులన్నిటి మీద ఆయన గ్రంథం వెలువడింది.

సరిగ్గా ఆ 1968లోనే లండన్ లో మౌండ్ బాగ్నాల్ సేకరణలోని గాజుపలకలను ఒక్కొక్కటే తీసి చూసి, ఏ పేరు నిలుస్తుందో, ఏ పేరు మరో పేరులో కలిసిపోతుందో సమీక్షించి అచ్చువేశాడు. ఒకరు అడవిలో జీవించే గుంపును, మరొకరు మ్యూజియంలోని పాత పలకలను చూశారు. రెండు పనులూ కలిస్తేనే లెక్క తేలింది. అయితే మనదేశపు పాత పేర్లకు ఆధారమైన పలకలు ఎన్నో లండన్ లో వుండిపోయాయి. మద్రాసు చుట్టుపక్కల పురుగు పేరు నిర్ణయించుకోవడానికి మద్రాసువారు లండన్ వైపు చూడవలసి రావడం ఆ కాలపు పరిస్థితి. ఇప్పుడు నియమం మారింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం, భారతదేశంలో కనుగొన్న కొత్త జాతి నమూనాలను ప్రభుత్వం నిర్ణయించిన దేశీయ భాండాగారాలలో ఉంచి తీరాలి.

వెళ్లేవి, వుండేవి

ఒకే తల్లికి రెండు రకాల పిల్లలు ఎందుకు? చచ్చిన కొమ్మ మీద బూజు శాశ్వతం కాదు. కొన్నాళ్లు బాగుంటుంది, ఎండితే, కుళ్లితే అయిపోతుంది. రెక్కలున్నవి మరో కొమ్మను వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. గాలిలో ఎగిరిన నలుసుకు సరైన బూజు వున్న కొమ్మ దొరకడం అదృష్టం మీద ఆధారపడిన సంగతి. దారిలో పోయేవే ఎక్కువ. రెక్కలు లేనివి రెక్కలకూ కండలకూ పెట్టే ఖర్చు మిగుల్చుకుని ఉన్నచోటనే సంతానం పెంచుతాయి.

మరి ఉన్నచోటు ఎప్పటికీ బాగుంటే వెళ్లవలసిన పని లేదు గదా అనిపిస్తుంది. ఈ ప్రశ్నకు 1977లో హామిల్టన్, మే అనే ఇద్దరు నేచర్ పత్రికలో లెక్కకట్టి జవాబు చెప్పారు. ఇల్లు ఎంత స్థిరంగా వున్నా పిల్లలందరినీ ఇంట్లోనే వుంచుకున్న తల్లి వంశం నెగ్గదు. ఇంటిపట్టున వున్న పిల్లలు ఆ ఒక్క చోటు కోసం తమలో తామే పోటీపడతారు. బయట ఖాళీ అయ్యే చోట్లను పరాయివాళ్ల పిల్లలు ఆక్రమిస్తారు. వారి సరళమైన లెక్కలో, దారిలో బతికే అవకాశం ఎంత తక్కువైనా సరే, సగం మందికి తగ్గకుండా బయటికి పంపవలసిందేనని తేలింది. హామిల్టన్ మరుసటి ఏడు, చచ్చిన చెట్ల బెరడు కింద బతికే పురుగుల మీద ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. ఆ రోజులలోనే ఆయన ఇంగ్లండు విడిచి మన మిషిగన్ విశ్వవిద్యాలయానికి వచ్చి 1984 వరకు వున్నాడు.

ఆ విశ్వవిద్యాలయంలోనే పరిశోధన చేసిన క్రెస్పీ హాప్లోత్రిప్స్ కార్నై అనే బూజు తినే జాతిని గమనించి 1988లో ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో రెక్కలు లేని మగవాటికి లావాటి ముందుకాళ్లుంటాయి. అవి ఆడవి గుడ్లు పెట్టేచోటును కాపలా కాస్తూ పోటీకి వచ్చినవాటితో కలియబడతాయి. రెక్కలున్న మగవాటికి సన్నటి కాళ్లు. వాటి బలం ఎగరడంలో వుంది. పోట్లాడేవి, ఎగిరేవి అని రెండు రకాలుగా వాటిని విభజించాడు. చేతికి బలమో, రెక్కకు బలమో, రెండూ పూర్తిగా ఒకే శరీరానికి దక్కవన్నమాట. పాత పద్ధతిలో ఒక్కొక్కటే చూసి పేరు పెట్టివుంటే వీటిని రెండు జాతులుగా రాసేవారు.

ఈ పేర్లతో ఎవరికి ప్రయోజనం?

బూజు తినే నలుసుకు పేరు పెడితే ఎవరికి లాభం అని అడగవచ్చు. మన నేల మీదనే దీనికి జవాబు వుంది. వేరుశెనగకు మొవ్వుకుళ్లు తెగులు మన రైతులను ఎంతగానో నష్టపరచింది. ఇది వైరస్ వల్ల వచ్చేది. తామర పురుగులు మోసుకువచ్చేది. హైదరాబాదు దగ్గర పటాన్ చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దీని మీద పనిచేసి 1981లో రెండు జాతుల తామర పురుగులను వాహకాలుగా ప్రకటించారు. తరువాత లండన్ నిపుణులు, ఇక్రిశాట్ వారు కలిసి పురుగులను మళ్లీ నిశితంగా చూశారు. 1990లో థ్రిప్స్ పామి అనే వేరే జాతి వాహకమని వెల్లడించారు. వైరస్ కూడా మొదట అనుకున్న టొమాటో వైరస్ కాదనీ, దానికి దగ్గర చుట్టమైన వేరే వైరస్ అనీ 1992లో తేలింది. వాహకం ఏదో తెలియకుండా మందు చల్లడం, పేరు తెలియని జబ్బుకు మాత్ర వేయడం లాంటిదే.

ఆ 1990 నాటి వ్యాసం రాసినవారిలో మొదటి పేరు పామర్. ఏడేళ్ల కిందట మౌండుతో కలిసి సిద్ధబీజాలు మింగే తామర పురుగులను క్రమంలో పెట్టిన పామరే. ఎవరికీ అక్కరలేని పురుగుల మీద అలవాటుపడిన కన్నే మన వేరుశెనగ చేను పురుగునూ గుర్తుపట్టింది. పనికివచ్చే పురుగును మాత్రమే చదువుతాను అంటే ఆ కన్ను తయారు కాదు. మెడికల్ కాలేజీలో మామూలు గుండె చప్పుడు వందలసార్లు విననివాడికి జబ్బు గుండె చప్పుడు తెలియదు.

మరో ఉదాహరణ చాలామంది పాఠకుల కుటుంబాలకు స్వయంగా తెలిసినదే. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప తోటల్లో పువ్వులోపల నల్లటి తామర పురుగు విరుచుకుపడింది. ఏళ్ల తరబడి మిరప వేస్తున్న మా బంధువులు "ఇలాంటిది మా తాతల నాడు కూడా చూడలేదు" అన్నారు. నిజమే, అది ఈ నేలకు కొత్త. మన దేశంలో దాన్ని బొప్పాయి మీద మొదట గుర్తించి ప్రకటించినది 2015లో. కాని శాస్త్రానికి అది కొత్త కాదు. కార్నీ అనే ఆస్ట్రియా దేశస్థుడు ఆగ్నేయాసియా పురుగులను చదువుతూ 1922లోనే పార్విస్పైనస్ అని దాన్ని వర్ణించి వుంచాడు. ఆనాడు అది ఎవరి పంటనూ పాడుచేస్తుందని కాదు, కనబడినదాన్ని సరిగ్గా రాసిపెట్టాలని చేసిన పని. సుమారు నూరేళ్లకు ఆ పేరు మన మిరప చేలో అక్కరకు వచ్చింది. పైన చెప్పిన పోట్లాడే పురుగు పేరులోని కార్నై కూడా ఈ కార్నీ గౌరవార్థం పెట్టినదే.

రెక్కలు లేనంత మాత్రాన పురుగు కదలదని కూడా అనుకోకూడదు. ఆకుచెత్తలో బతికే స్టెఫనోత్రిప్స్ ప్రజాతిలో ఒక జాతికి 1925లో హుడ్, విలియమ్స్ అనేవారు ఆక్సిడెంటాలిస్, అంటే పశ్చిమ దేశపుది, అని పేరు పెట్టారు. ఆ ప్రజాతిలోని మిగతా జాతులు దాదాపు అన్నీ ఆసియా, ఆఫ్రికా ఖండాల వైపువే. రెక్క అన్నది లేకపోయినా ఈ ఒక్కటి ఉష్ణదేశాలన్నిటికీ పాకింది. మనుషులు మోసుకుపోయే మొక్కలతో, ఎండుగడ్డితో ప్రయాణం చేసిందని భావిస్తారు. పేరులో పశ్చిమం, పుట్టింటి వైపు చూస్తే తూర్పు. ఇది చదివి పాఠకులు తమ పాస్ పోర్టును తలచుకుంటే తప్పు మాది కాదు.

ఈ దేశంలో వుండే మన పిల్లలకు ఆసక్తి వుంటే ఒక పని చెయ్యవచ్చు. ఇక్కడి అడవుల్లో పడిపోయిన కొమ్మల మీద చిన్న విసనకర్రల వరుసలా అట్టకట్టే స్టీరియం అనే బూజు సర్వసాధారణం. దాని మీద హాప్లోత్రిప్స్ పెడిక్యులేరియస్ అనే జాతి వుంటుంది. హాలిడే 1836లో వర్ణించినదే. కొమ్మను తెల్లకాగితం మీద దులిపి, పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూస్తే రెక్కలున్నవీ లేనివీ పక్కపక్కనే కనిపించవచ్చు. ఒకటి చూసి ఆగవద్దని, కనీసం ఇరవై చూడమని పిల్లలకు చెప్పాలి. ఆంధ్రదేశపు ఆకుచెత్తలో ఇలాంటివాటిని ఓపికగా వెతికేవారు ఇంకా కావాలి. ఎండుపుల్లలు ఏరడానికి పరికరాలు పెద్దగా అక్కర లేదు. కళ్లూ, కాలమూ కావాలి.

పురుగుల లెక్కను మనుషులకు అంటగట్టడం మా ఉద్దేశం కాదు. ఎవరు దేశం విడిచారు, ఎవరు వుండిపోయారు అన్నదానికి బూజు కొమ్మ లెక్క చాలదు. కాని వర్ణన గురించి ఇక్కడ నేర్చుకోదగినది ఒకటుంది. మన సంఘాల సంచికల్లో తెలుగువారి చరిత్ర రాసుకునేటప్పుడు సముద్రం దాటినవారి డిగ్రీలు, ఉద్యోగాలు, ఇళ్లు వివరంగా రాస్తాము. తల్లిదండ్రులను చూసుకుంటూ, పొలం కౌలుకు పోకుండా నిలబెట్టుకుంటూ ఊళ్లో వుండిపోయిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక వాక్యం కూడా దక్కదు. ఊళ్లోవారు రాసుకుంటే మనకూ అదే గతి. అది ఒక్క పురుగును చూసి జాతిని వర్ణించడమే అవుతుంది. మద్రాసులో ఆ పెద్దాయన చేసినట్టు అందరినీ ఒకే వరుసలో పేర్చి చూస్తే గాని ఆ వర్ణన పూర్తి కాదు.